ఎండ ఆకాశానిదే, సెగ మాత్రం మనం కట్టిందే

భవనాల ప్లాన్లు పరిశీలించడం నా పని. ఎండలు ముదిరితే చాలు, తెలిసినవాళ్ల నోట ఇవే మాటలు.

అపోహ: ఎండకు బిల్డింగ్ రూల్సేం చేస్తాయి?
కాంక్రీటు, తారు పగలంతా వేడిని తాగి రాత్రంతా కక్కుతాయి. లండన్ నడిబొడ్డున రాత్రుళ్లు చుట్టుపక్కల పల్లెల కంటే వెచ్చగా ఉంటున్నాయని వాతావరణ పరిశీలకుడు ల్యూక్ హోవర్డ్ 200 ఏళ్ల కిందటే లెక్కకట్టి చూపాడు. అప్పటికి కార్లూ లేవు, ఏసీలూ లేవు. గోడకీ గోడకీ ఎంత ఎడం ఉండాలో, ఎంత నేల మట్టిగా మిగలాలో తేల్చేది రూల్సే కదా.

అపోహ: చెట్లు నాటితే సరిపోతుంది
డ్రాయింగులో చెట్టంటే ఓ ఆకుపచ్చ సున్నా. అక్కడికెళ్లి చూస్తే మొక్క ఉంటుంది, కాదనను. కానీ మొదలు దాకా టైల్స్ బిగించేసి ఉంటారు, చుట్టూ అరచెయ్యంత మట్టి. ఓ చోట పుల్ల పెట్టి పొడిచాను, జానెడు లోతులో టక్కుమంది: సెల్లార్ స్లాబు! ఇక వేరు ఎటు పోవాలి? అందుకే ఇన్ని చెట్లు ఉండాలనే రూలు కంటే, సెల్లార్ తవ్వని నేల ఇంత ఉండాలనే రూలే నాకు ముద్దు. నేల మిగలని చోట మిద్దె ఉంది. కెనడాలోని టొరంటో నగరం 2009లోనే పెద్ద కొత్త భవనాల కప్పు మీద కొంత భాగం పచ్చదనం తప్పనిసరి చేసింది.

అపోహ: తెల్లరంగు ఎక్కడ పూసినా చల్లదనమే
కప్పు మీదైతే నిజమే. కొత్త తారు మీద పడ్డ ఎండలో 5 శాతం వెనక్కిపోతే గొప్ప. మంచి తెల్లకప్పు కొత్తలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. దుమ్ము పేరుకుంటే ఆ గుణం తగ్గుతుంది, కడుగుతుండాలి. రోడ్డు సంగతి వేరు. అమెరికాలోని ఫీనిక్స్‌లో లేతరంగు పూత వేశాక రోడ్లు చల్లబడ్డాయి గానీ, మిట్టమధ్యాహ్నం నడిచేవాళ్ల ఒంటికి కింద నుంచి ఎదురెండ తగిలింది. నడిచే దారికి కావాల్సింది నీడ.

అపోహ: ఎత్తు భవనాలే అసలు దోషులు
దోషం ఎత్తుది కాదు, గాలికి అడ్డం నిలబడటానిది. జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరం గిన్నెలాంటి లోయలో ఉంది. రాత్రిపూట కొండల మీంచి దిగే చల్లగాలికి దారి వదిలేలా అక్కడ ప్లాన్లు గీస్తారు.

అపోహ: ఏసీ ఉంటే చాలు
గదిలోని వేడి ఎక్కడికీ మాయమవదు, సందులోకి పోతుంది. బయటి యూనిట్లు ఎక్కడ పెడతారో ప్లాన్‌లో చూపించమంటే విసుక్కుంటారు. తీరా చూస్తే అన్నీ పక్కింటివాళ్ల పడగ్గది కిటికీకి ఎదురుగానే.