సర్వర్ డేటా, జావాస్క్రిప్ట్ చార్టులు: అపోహలు - వాస్తవాలు

చార్ట్ ఖాళీగా కనిపించగానే చాలామంది దాన్ని గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీని అనుమానిస్తారు. చాలాసార్లు పాపం దానిది కాదు, డేటా అక్కడికి చేరేలోపే చెడిపోయి ఉంటుంది. ఇక్కడి ఉదాహరణలు పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోవి.

అపోహ: పైథాన్ లిస్టును నేరుగా స్క్రిప్ట్‌లో పెట్టొచ్చు. ఎర్రర్ వస్తే సేఫ్ ఫిల్టర్ (గుర్తుల్ని మార్చకుండా ఉన్నదున్నట్టు పెట్టమని జాంగోకు చెప్పేది) తగిలిస్తే సరి.

వాస్తవం: లిస్టులో అంకెలే ఉన్నంతకాలం ఇది పనిచేస్తుంది, అందుకే ఈ అలవాటు అంత తేలిగ్గా పోదు. పేర్లు వచ్చాయంటే జాంగో రక్షణ కోసం కోట్ గుర్తుల్ని హెచ్‌టీఎంఎల్ ఎంటిటీలుగా (గుర్తుకు బదులు రాసే కోడ్‌లుగా) మార్చేస్తుంది, కన్సోల్‌లో సింటాక్స్ ఎర్రర్ పడుతుంది. సేఫ్ పెడితే ఎర్రర్‌తోపాటు రక్షణా పోతుంది. ఎవరో తన పేరు దగ్గర స్క్రిప్ట్ ముగింపు ట్యాగ్ టైప్ చేశారనుకోండి. అది స్ట్రింగ్ లోపల ఉందా లేదా అని బ్రౌజర్ చూడదు, స్క్రిప్ట్‌ను అక్కడే మూసేస్తుంది. ఆ వెనకే ఇంకో స్క్రిప్ట్ రాసి ఉంటే, పేజీ తెరిచిన ప్రతి ఒక్కరి బ్రౌజర్‌లో అది నడుస్తుంది. డేటాను జేసన్ (JSON) అనే టెక్స్ట్ రూపంలోకి మార్చే పైథాన్ జేసన్ డంప్స్ (json.dumps) వాడి సేఫ్ పెట్టినా ఇదే ప్రమాదం, ఎందుకంటే అది < గుర్తును ముట్టుకోదు.

2018లో వచ్చిన జాంగో 2.1 నుంచి జేసన్ స్క్రిప్ట్ (json_script) ఫిల్టర్ ఉంది. అది <, >, & గుర్తుల్ని యూనికోడ్ ఎస్కేపులుగా మార్చి, బ్రౌజర్ నడపని స్క్రిప్ట్ ట్యాగ్‌లో డేటాను ఉంచుతుంది. ఐడీతో ఆ ట్యాగ్ టెక్స్ట్ తీసుకుని జావాస్క్రిప్ట్‌లో జేసన్ పార్స్ (JSON.parse) చేస్తే చాలు. దయచేసి ఇదే వాడండి. ఇంకో పైథాన్ ఫ్రేమ్‌వర్క్ ఫ్లాస్క్‌లో ఈ పనికి టు-జేసన్ (tojson) ఫిల్టర్ ఉంది.

అపోహ: జేసన్‌గా మారిస్తే విలువలు ఉన్నవి ఉన్నట్టే చేరతాయి.

వాస్తవం: జాంగో ఎన్‌కోడర్ డెసిమల్‌ను (పైథాన్‌లో కచ్చితమైన దశాంశ సంఖ్యల రకం) స్ట్రింగ్‌గా పంపుతుంది. చార్ట్.జేఎస్ లైబ్రరీ దాన్ని అంకెగా మార్చుకుని బార్లు సరిగ్గానే గీస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పైన మొత్తం చూపిద్దామని "120.50", "80.25" కూడితే మాత్రం "120.5080.25" వస్తుంది. కూడే ముందు నంబర్‌గా మార్చుకోవాలి.

పైథాన్ డేటా లైబ్రరీ పాండాస్ నుంచి వచ్చే నాన్ (NaN, "అంకె కాదు" అని అర్థం) విలువలు ఇంకా మొండివి. పైథాన్ వాటిని అలాగే రాసేస్తుంది, బ్రౌజర్‌లో జేసన్ పార్స్ ఒప్పుకోదు, చార్ట్ మొత్తం ఆగిపోతుంది. వాటి స్థానంలో నన్ (None, పైథాన్‌లో ఖాళీ విలువ) పంపితే లైన్‌లో చిన్న ఖాళీ వస్తుంది, అంతే.

తేదీల సంగతీ చూసుకోండి. "2024-01-15" అని మాత్రమే ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రిగా తీసుకుంటుంది. యూటీసీకి వెనక ఉన్న టైమ్‌జోన్లలో చార్ట్ మీద 14 కనిపిస్తుంది.

అపోహ: చార్ట్ అంటే ఏపీఐ (డేటాను మాత్రమే ఇచ్చే విడి యూఆర్ఎల్) ఉండాల్సిందే.

వాస్తవం: పేజీతోపాటు ఒక్కసారి చూపించే చిన్న డేటాకు అక్కర్లేదు. ఫిల్టర్లు మార్చినప్పుడల్లా చార్ట్ మారాలంటే ఏపీఐ పెట్టండి. కానీ పేజీకి లాగిన్ ఉన్నంత మాత్రాన ఆ ఏపీఐ యూఆర్ఎల్‌కు రక్షణ రాదు, దానికీ విడిగా లాగిన్, పర్మిషన్ చెక్ రాయాలి.