ఆన్‌లైన్‌లో ఆరోగ్య సమాచారం: అపోహలు - వాస్తవాలు

అపోహ: చేతిలో ఫోన్, అందులో నెట్ ఉంటే సమాచారం అందినట్టే.

వాస్తవం: అది మొదటి మెట్టు మాత్రమే. వెతికి, నిజానిజాలు తేల్చుకునే నేర్పు రెండోది. చదివినదాన్ని ఆచరించే వీలు మూడోది. ఈ మూడోదాన్ని ప్రణాళికలు వేసేవాళ్లు తరచూ మరిచిపోతారు. ‘వెంటనే డాక్టర్‌ను కలవండి’ అని రాయడం తేలికే, ఆ రోజు కూలి పోతే పొయ్యి వెలగని మనిషికి అది ఏ దారీ చూపదు. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోనైతే గర్భనిరోధకాల గురించి వెతకాలన్నా జంకే. హిస్టరీ ఎవరి కంటైనా పడొచ్చు.

అపోహ: అందరికీ ఒకే సమాచారం పెడితే జనం అవగాహనలో తేడాలు వాటంతటవే తగ్గుతాయి.

వాస్తవం: పెరగొచ్చు కూడా. చదువు, ఆదాయం ఉన్నవారు కొత్త సమాచారాన్ని ముందుగా అందుకుంటారు కాబట్టి అంతరం పెరుగుతుందని పరిశోధకులు టిషెనర్, డోనహ్యూ, ఓలియన్ 1970లోనే ప్రతిపాదించారు.

అపోహ: ‘నాకు వెతకడం వచ్చు’ అన్నవారికి సాయం అక్కర్లేదు.

వాస్తవం: ఆన్‌లైన్‌లో ఆరోగ్య సమాచారం వెతకడం తమకెంత వచ్చో ఎవరికివారే చెప్పుకునే ప్రశ్నావళి ఒకటుంది, పేరు ఈహీల్స్. పరిశోధకులు నార్మన్, స్కిన్నర్ 2006లో రూపొందించిన దీనిలో 8 అంశాలుంటాయి, స్కోరు 8 నుంచి 40 దాకా వస్తుంది. అది కొలిచేది ధీమాను, పనితనాన్ని కాదు. అందుకే స్కోరుతో ఆగకండి. ఒక ప్రశ్న ఇచ్చి, వాళ్ల ఫోన్‌లోనే వెతకమనండి. ప్రకటనను నొక్కారా? రాసిందెవరో, ఎప్పుడో చూశారా? రెండో చోట సరిచూశారా? లోపం ఎక్కడుందో అక్కడే బయటపడుతుంది.

అపోహ: అనువదిస్తే భాష సమస్య తీరిపోతుంది.

వాస్తవం: జనం ‘మూత్రంలో మంట’ అని వెతుకుతారు. పేజీలో ‘మూత్రనాళ ఇన్ఫెక్షన్’ అని మాత్రమే ఉంటే అది వాళ్ల కంట పడకపోవచ్చు. శీర్షికలోనే వాడుక మాట పెట్టండి, వైద్య పదం దాని పక్కన ఉంచండి. మోతాదుల్లో అంకె, పూట, ఎన్ని రోజులో విడివిడిగా రాయండి. యంత్రానువాదంలో తప్పు దొర్లితే ప్రాణం మీదికొచ్చేది ఇక్కడే కాబట్టి ఈ వాక్యాలను రెండు భాషలూ తెలిసిన ఆరోగ్య కార్యకర్త చేత సరిచూయించాల్సిందే. స్కాన్ చేసిన కరపత్రం స్క్రీన్ రీడర్‌కు (చూపు లేనివారికి తెరపై ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు) వట్టి బొమ్మ, అందుకని అక్షరాలుగా టైపు చేసి పెట్టండి. అక్షరానికీ వెనక రంగుకూ కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి, 200 శాతం పెద్దది చేసినా వాక్యాలు తెగిపోకూడదు. చదవడం రానివారికి చిన్న ఆడియో చేర్చండి. విన్నాక ‘అర్థమైందా?’ అని అడిగితే మొహమాటానికి తలూపుతారు. ‘ఇంటికెళ్లి ఈ మందు ఎలా వేసుకుంటారో చెప్పండి’ అని అడగండి. చెప్పడంలో తడబడితే మార్చాల్సింది ఆడియోనే.