కాక్లియర్ ఇంప్లాంట్: గీత జరిగింది, అలవాటు జరగలేదు

"వినికిడి యంత్రంతో ఎంతోకొంత వినపడుతోందిగా, ఇప్పుడే ఇంప్లాంట్ ఎందుకు?" వినికిడిని పరీక్షించే ఆడియాలజిస్టుల నోట ఇప్పటికీ వినిపించే ఈ మాట ఒకప్పుడు సబబైనదే. ఇంప్లాంట్ అంటే లోపలి చెవిలోని కాక్లియాలోకి ఎలక్ట్రోడ్ల తీగ దూర్చి, వినికిడి నరానికి నేరుగా విద్యుత్ సంకేతాలిచ్చే పరికరం.

1977లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ కోసం బిల్గర్ బృందం పిట్స్‌బర్గ్‌లో 13 మందిని పరీక్షించింది. అందరివీ ఒకే ఛానల్ (ఒకే సంకేత మార్గం) ఇంప్లాంట్లు. పెదవుల కదలికతో మాట పోల్చుకోవడానికి సాయపడ్డాయి తప్ప, వట్టి వినికిడితో మాట అర్థం కాలేదు. 1984లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన హౌస్-3ఎం పరికరమూ ఒకే ఛానల్‌ది. మరుసటి ఏడాది 22 ఎలక్ట్రోడ్ల న్యూక్లియస్ ఇంప్లాంట్ వచ్చినా, పూర్తి చెవుడు ఉన్న పెద్దలకే పరిమితం. తీగ లోపలికి దూరిస్తే మిగిలిన వినికిడి పోతుందన్న భయం నిజమైనదే.

ఫలితాలు మెరుగయ్యేకొద్దీ, ఇంప్లాంట్ ఎవరికి పెట్టవచ్చన్న గీత జరిగింది. యంత్రం పెట్టుకుని వాక్యాలు వింటే 30 శాతానికి మించి అర్థం కానివారిని పరిశీలించవచ్చని 1995లో ఎన్‌ఐహెచ్ సమావేశం చెప్పింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఆ హద్దును 2005లో 40కి, 2022లో 60కి పెంచింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాల సంస్థ నైస్ 2019లో, వినికిడి లోపం 90 డెసిబెల్స్ ఉండాలన్న షరతును 80కి తగ్గించింది. పాత నియమంతో చదువుకున్నవారు మాత్రం ఇప్పటికీ ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫు) అట్టడుక్కి చేరేదాకా ఆగుతున్నారు.

తప్పు ఎక్కువగా పరీక్ష దగ్గరే జరుగుతోంది. ఎదురుగా కూర్చుని మాట్లాడితే రోగి పెదవులు చదివేస్తాడు, "బాగానే వింటున్నాడు" అని రాసేస్తారు. ముందు చెవి రంధ్రంలో సన్నని గొట్టం పెట్టి, యంత్రం ఇవ్వాల్సినంత శబ్దం ఇస్తోందో లేదో కొలవాలి. లేదంటే తక్కువ మార్కు చెవిదో యంత్రానిదో తేలదు. తర్వాత రికార్డు చేసిన వాక్యాలను ఎదుటి స్పీకర్లో 60 డెసిబెల్స్‌తో వినిపించాలి. ఒక్కో చెవిని విడిగా చూడాలి.

2020లో వచ్చిన 60/60 సూత్రం తేలికది. మెరుగైన చెవిలో వినికిడి లోపం సగటు 60 డెసిబెల్స్ లేదా అంతకన్నా ఎక్కువ ఉండి, యంత్రం లేకుండా పదాల మార్కు 60 శాతం దాటకపోతే పరిశీలనకు పంపాలి. పంపడమంటే ఆపరేషన్ ఖాయమని కాదు. ఈ తేడా రోగికి చెప్పి తీరాలి. పైగా ఆ పదాలు ఇంగ్లిష్ ఏకాక్షరాలు. తెలుగు మాటలు చాలావరకు రెండు మూడక్షరాలవి, సగం వినపడినా ఊహకందుతాయి. ఆ 60ని మన జాబితాకు యథాతథంగా అతికిస్తే పంపాల్సినవారు మిగిలిపోతారు.

మెదడు పొరల వాపు మెనింజైటిస్‌తో చెవుడొచ్చినవారి విషయంలో మాత్రం మూడు నెలల యంత్రం ట్రయల్ అసలు వద్దు. కాక్లియాలో ఎముక పెరగడం వారాల్లోనే మొదలుకావచ్చు, పూడుకుపోతే తీగ పూర్తిగా దూరదు. వెంటనే ఎంఆర్‌ఐ తీయించి ఇంప్లాంట్ కేంద్రానికి పంపాలి.