నిద్రగన్నేరు కింద ఓ గంట

మొన్న జూన్‌లో ఒక ఆఫీసుకి మూడోసారి వెళ్ళాను. కాగితంలో మా ఇంటిపేరు ఒక్క అక్షరం తేడా పడింది, రేపు రమ్మన్నారు. రేపు అంటే మళ్ళీ సెలవు. బయటికొస్తే శ్రీకాకుళం ఎండ మండిపోతోంది. బస్సెక్కబుద్ధి కాలేదు. నాగావళి వైపు నడిచాను. నదిలో నీళ్ళకంటే ఇసకే ఎక్కువ కనిపిస్తోంది. రోడ్డు పక్కన నిద్రగన్నేరు చెట్టు కింద చతికిలబడ్డాను.

పక్కన తాటికాయల గంపతో కూర్చున్నావిడ నా వైపు చూసి, "ఏటి బాబూ, మొకం అలా వాడిపోనాది? రెండు ముంజులు తిను" అంది. కత్తితో కాయ తల చెక్కితే మూడు కళ్ళు బయటపడ్డాయి. కంట్లోకి బొటనవేలు గుచ్చి, నీళ్ళు చొక్కా మీద కారకుండా జుర్రుకోవడం మామూలు విద్య కాదు. ఆ పనిలో ఉన్నంతసేపూ కౌంటరు వెనకాల మనిషి నాకు గుర్తు రాలేదు.

ఎందుకు రాలేదో ఇంటికెళ్ళాక ఆలోచించాను. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్తలు రేచెల్ కాప్లన్, స్టీఫెన్ కాప్లన్ దంపతులు ధ్యాస రెండు రకాలన్నారు. ఒకటి మనం బలవంతంగా నిలబెట్టేది. ఫారాలు నింపడం, క్యూలో కోపం ఆపుకోవడం దీని ఖాతాలోకే వస్తాయి. వాడేకొద్దీ ఇది అలిసిపోతుంది. రెండోది దానంతటదే ఆకుల మీదికో నీళ్ళ మీదికో పోయేది. ఇది నడుస్తున్నంతసేపూ మొదటిదానికి విశ్రాంతి. ఫోన్ చూసినా ధ్యాస మళ్ళుతుంది కదా అంటారా? ఫోన్ మనల్ని జుట్టు పట్టుకుని లాగుతుంది. చెట్టుకి మనతో పనేమీ లేదు.

బెంగని తిప్పి తిప్పి తలుచుకోవడాన్ని నెమరు అనొచ్చు. ఆవు నెమరేస్తే మేత అరుగుతుంది, మనకి అదీ లేదు. 2015లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 38 మందిని 90 నిమిషాలు నడిపించారు. కొందరిని చెట్లూ గడ్డీ ఉన్నచోట, మిగతావాళ్ళని రద్దీ రోడ్డు పక్కన. చెట్ల మధ్య నడిచినవాళ్ళలో ఈ నెమరు తగ్గింది, దానితో ముడిపడిన మెదడు భాగంలో హడావిడీ తగ్గింది. 38 మంది ఒక పెళ్ళి బస్సుకి కూడా చాలరు, కాబట్టి దీన్ని పట్టుకుని చెట్టు సర్వరోగ నివారిణి అనేస్తే నేనొప్పుకోను. నెలల తరబడి దిగులు వదలనివాళ్ళు వెళ్ళాల్సింది డాక్టరు దగ్గరికే.

నీడ సంగతి మాత్రం ఒంటికే తెలుస్తుంది. రేకుల షెడ్డు కిందా నీడే, కానీ కాలిన రేకు ఆ వేడిని మన నెత్తి మీదికే దించుతుంది. ఆకు అలా కాలదు. తనలోంచి నీటిని ఆవిరిగా వదులుతూ ఉంటుంది, ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 24 లక్షల జౌల్స్ (వేడికి కొలత) వేడి ఖర్చవుతుంది, అది ఆకు నుంచీ చుట్టూ ఉన్న గాలి నుంచీ పోయేదే.

నాలుగు దాటాక మబ్బు కమ్మింది. తల పైకెత్తితే నిద్రగన్నేరు ఆకులు మెల్లగా ముడుచుకుంటున్నాయి. ఆకు మొదలు దగ్గర చిన్న ఉబ్బు ఉంటుంది. దాని ఒక వైపు కణాల్లోంచి పొటాషియం బయటికి పోతే, వెంట నీరూ పోయి ఆ వైపు వదులవుతుంది, రెండో వైపు బిగుస్తుంది, ఆకు మడత పడుతుంది. 1729లో డి మేరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అత్తిపత్తి జాతి మొక్కని చీకట్లో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా అది వేళకి విచ్చుకుంది, వేళకి ముడుచుకుంది. జీవుల్లో గడియారం ఉందన్న ఆలోచనకి అక్కడే బీజం పడింది.

అంతలో టప్‌మని ఒక చినుకు దుమ్ములో పడి, చుట్టూ చిన్న గట్టు కట్టుకుంది. వెంటనే ఆ వాసన! మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థానికి ఇందులో పెద్ద వాటా. లక్ష కోట్ల పాళ్ళలో ఐదారు పాళ్ళున్నా మన ముక్కు పసిగట్టేస్తుంది. ఈ వాసనకి 1964లో ఆస్ట్రేలియాలో ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. మన కమ్మటి మట్టివాసన ముందు ఆ పేరు నాకు ఆనదు. 2015లో అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయం వాళ్ళు వేగంగా తీసే కెమెరాతో చూస్తే, నేలని తాకిన చినుకు కింద గాలి బుడగలుగా చిక్కుకుని, పైకొచ్చి సోడాలా చిట్లుతోంది. ఆ తుంపరే వాసనని మోసుకొస్తుంది.

ఇదంతా బాగానే ఉంది గానీ, ఆకులు ముడుచుకున్న చెట్టు గొడుగుగా పనికిరాదు. వాన సందుల్లోంచి నేరుగా దిగింది. ఆవిడ గంప మీద గోనె కప్పుతూ, "కాయితాలు తడిసిపోతాయి బాబూ, ఇలాగియ్యి" అని చెయ్యి చాపింది. నా ఫైలు గోనె కింద, ముంజుల పక్కన చేరింది.