చెవిన పడ్డా మనసుకెక్కని మాట

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్నాక మామూలు ప్రయాణికుల విమానాలు బేగంపేటకు రావడం మానేశాయి గానీ, అక్కడి రన్‌వే ఊరికే లేదు. వీఐపీల విమానాలు, హెలికాప్టర్లు ఇప్పటికీ అక్కడే దిగుతాయి. ఉత్తరాన హకీంపేటలో, వాయవ్యాన దుండిగల్‌లో వాయుసేన కుర్రాళ్లు ఎగరడం నేర్చుకుంటుంటారు. శంషాబాద్‌తో కలిపి ఈ నాలుగూ హైదరాబాద్ నెత్తిన ఉన్న ఒకే ఆకాశాన్ని పంచుకోవాలి. మెహదీపట్నం ఫ్లైఓవర్ మీద ఇరుక్కుని పైకి చూసేవాడికి అంతా ఖాళీగానే కనిపిస్తుంది. రాడార్ తెర ముందు కూర్చున్న ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకు అది వాటాలు వేసిన పొలం.

వాటాల లెక్క ఇది. ఎత్తులో పైవిమానానికీ కిందివిమానానికీ మధ్య 1,000 అడుగులు ఉండాలి. అది లేకపోతే పక్కకైనా ఎడం ఉండాలి: రాడార్ కింద సుదూర మార్గాల్లో మామూలుగా 5 నాటికల్ మైళ్లు, అంటే 9 కిలోమీటర్ల పైచిలుకు. విమానాశ్రయం దగ్గర రాడార్ సామర్థ్యాన్ని బట్టి 3 నాటికల్ మైళ్ల దాకా తగ్గించుకోవచ్చు. ఈ రెండు ఎడాల్లో ఏదీ మిగలకపోతే అది ‘లాస్ ఆఫ్ సెపరేషన్’, విచారణ తప్పదు. పేపర్లలో ‘త్రుటిలో తప్పిన ముప్పు’ అని వచ్చేవాటిలో ఇవి కూడా ఉంటాయి. చాలాసార్లు విమానాలు ఒకదాన్నొకటి రాసుకుపోయేంత దగ్గరికి వచ్చి ఉండవు. అయినా నిబంధన అంత కఠినంగా ఎందుకంటే, గంటకు 850 కిలోమీటర్ల వేగంతో రెండు జెట్‌లు ఎదురెదురుగా వస్తే ఆ 9 కిలోమీటర్లు హరించుకుపోవడానికి 20 సెకన్లు చాలు.

ఆ 20 సెకన్లు కంట్రోలర్ మనసు మరెక్కడో ఉంటే?

మనకు వెంటనే తట్టేది ఫోన్. 2009 ఆగస్టు 8న న్యూయార్క్ దగ్గర హడ్సన్ నది మీద ఒక చిన్న పైపర్ విమానం, పర్యాటకులను తిప్పే హెలికాప్టర్ ఢీకొని తొమ్మిది మంది చనిపోయారు. ఆ సమయంలో దగ్గర్లోని టెటర్‌బరో విమానాశ్రయం టవర్‌లో కంట్రోలర్ ఫోన్లో పనికి సంబంధం లేని కబుర్లలో ఉన్నాడు. తర్వాత మాట్లాడాల్సిన రేడియో ఫ్రీక్వెన్సీని పైపర్ పైలట్ తప్పుగా తిరిగి చెప్పాడు. ఆ తప్పును ఎవరూ దిద్దలేదు. దర్యాప్తు సంస్థ తేల్చిన కారణాల్లో ఈ ఫోన్ సంభాషణ ఒకటి.

చేతిలో ఫోన్ ఉండటం కాదు ఇక్కడ అసలు చిక్కు. యూటా విశ్వవిద్యాలయంలో స్ట్రేయర్, జాన్‌స్టన్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో, డ్రైవింగ్‌ను పోలిన పని చేస్తూ ఫోన్ మాట్లాడినవాళ్లు ఎర్ర సిగ్నళ్లను దాదాపు రెట్టింపు సార్లు గమనించలేదు. ఫోన్ చేత్తో పట్టుకున్నా, హ్యాండ్స్‌ఫ్రీ అయినా ఫలితం ఒకటే. రేడియో వింటూ చేసినవాళ్లకు మాత్రం ఆ నష్టం కలగలేదు. (ఔటర్ రింగ్ రోడ్డు మీద బ్లూటూత్ పెట్టుకుని ధీమాగా మాట్లాడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.) సంభాషణ అంటే వినాలి, అర్థం చేసుకోవాలి, జవాబు కూర్చుకోవాలి. మాటలను కాసేపు పట్టి ఉంచే వర్కింగ్ మెమరీలో చోటు చాలా తక్కువ. రేడియోలో పైలట్ చెప్పే అంకెలకు కావాల్సిందీ ఆ చోటే.

పైగా ఆ అంకెలు ఒకదాన్ని పోలి ఒకటి ఉంటాయి. ఇండిగో విమానాలను రేడియోలో ‘ఐఫ్లై’ అని పిలుస్తారు. తెర మీద ఐఫ్లై 512, ఐఫ్లై 521 రెండూ ఉన్నాయనుకుందాం. మొదటిదాన్ని దిగమంటే రెండోది ‘దిగుతున్నాను’ అంటుంది. కంట్రోలర్ ఎదురుచూస్తున్నది కూడా ఆ మాటే కాబట్టి చెవి సర్దుకుపోతుంది. పైలట్ తిరిగి చెప్పడాన్ని ‘రీడ్‌బ్యాక్’ అంటారు. అది నిజంగా సరిపోయిందా అని కంట్రోలర్ వినడం ‘హియర్‌బ్యాక్’. మొదటిది రికార్డులో వినిపిస్తుంది. రెండోది జరిగిందో లేదో బయటికి తెలియదు.

అయితే నన్ను ఎక్కువ భయపెట్టేది కబుర్ల ఫోన్ కాదు. దాన్ని నిషేధించవచ్చు. పనే పనికి అడ్డం పడితే ఏం చేస్తారు? 1991 ఫిబ్రవరి 1న లాస్ ఏంజెలిస్‌లో కంట్రోలర్ ఒక చిన్న విమానాన్ని రన్‌వే మీదికి పంపి ఆగమంది. ఈలోగా మరో విమానం ఆమె ఫ్రీక్వెన్సీలోంచి తప్పిపోయింది. ఆ వెతుకులాటలో రన్‌వే మీద ఆగి ఉన్నదాన్ని మరిచిపోయి, అదే రన్‌వే మీద బోయింగ్ 737కు దిగే అనుమతి ఇచ్చింది. 35 మంది చనిపోయారు. ఆమె నిర్లక్ష్యంగా లేదు, తప్పిపోయిన విమానం గురించి పట్టించుకుంటోంది.

2002 జూలై 1 రాత్రి జర్మనీలోని ఉబర్‌లింగెన్ మీద జరిగింది ఇంకా ఘోరం. ఆ ఆకాశాన్ని చూసుకునే జూరిచ్ కేంద్రంలో, సహోద్యోగి విశ్రాంతికి వెళ్లడంతో కంట్రోలర్ ఒక్కడే రెండు తెరలు చూస్తున్నాడు. మరమ్మతుల వల్ల ముఖ్య రాడార్ వ్యవస్థ పూర్తిగా పనిచేయడం లేదు. ఆలస్యంగా వచ్చిన ఒక ఎయిర్‌బస్‌ను దించడానికి పక్క విమానాశ్రయానికి ఫోన్ చేస్తున్నాడు, లైన్ కలవడం లేదు. ముంచుకొస్తున్న ప్రమాదాన్ని కార్ల్‌స్రూహె కేంద్రం వాళ్లు చూసి జూరిచ్‌కు ఫోన్ చేశారు. వాళ్లకూ కలవలేదు. రష్యన్ టుపోలెవ్‌ను కిందికి దిగమని ఆయన చెప్పేసరికి ఒక్క నిమిషం కూడా మిగల్లేదు. ఆ విమానంలోని టీకాస్ (ఢీకొనే ముప్పును పసిగట్టి పైలట్‌కు దారి చెప్పే పరికరం) పైకి వెళ్లమంటోంది, అడ్డంగా వస్తున్న సరుకు విమానాన్ని దాని టీకాస్ దిగమంటోంది. టుపోలెవ్ మనిషి మాట విన్నది. 71 మంది పోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలు.

రద్దీలోనే తప్పులు జరుగుతాయనుకుంటాం గానీ, రద్దీ తగ్గిన వేళా, డ్యూటీ చేతులు మారిన మొదటి నిమిషాలూ అంతే గడ్డువి. తెర మీద ఏది ఎటు వెళ్తోందో మనసులో ఉండే మొత్తం బొమ్మను కంట్రోలర్లు ‘పిక్చర్’ అంటారు. కొత్తగా కుర్చీలో కూర్చున్నవాళ్లకు అది ఇంకా కుదురుకోదు. పని తగ్గినవాళ్లకు మెల్లగా చెదిరిపోతుంది. అందుకే జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా చేతికి పని చెబుతారు: విమానం వివరాలు రాసిన కాగితపు స్ట్రిప్‌లు వాడే చోట, ఇంకా తేలని విమానం స్ట్రిప్‌ను వరుసలోంచి కొంచెం పక్కకు జరిపి వంకరగా పెడతారు. కళ్లకు అది గుచ్చుకుంటూనే ఉంటుంది.

మన దేశంలో 1996 నవంబర్ 12న చర్ఖీ దాద్రీ మీద 349 మందిని బలిగొన్న ప్రమాదంలో కంట్రోలర్ తప్పు లేదు. కజక్ విమానం తనకిచ్చిన ఎత్తు దాటి కిందికి దిగింది, ఢిల్లీలో అప్పుడున్న రాడార్‌కు విమానాల ఎత్తు కనిపించేది కాదు. ఆ తర్వాతే ఇక్కడ టీకాస్ తరహా పరికరం తప్పనిసరి అయింది. ఉబర్‌లింగెన్ తర్వాత నిబంధన ఇంకా స్పష్టమైంది: టీకాస్ ఒకటి చెప్పి కంట్రోలర్ మరొకటి చెబితే పైలట్ టీకాస్‌నే పాటించాలి. ‘టీకాస్ ఆర్ఏ’ (టీకాస్ ఆదేశాన్ని పాటిస్తున్నానని పైలట్ చెప్పే మాట) రేడియోలో వినగానే కంట్రోలర్ ఆ విమానాన్ని ఎటూ తిప్పకూడదు. ‘క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్’, అంటే ముప్పు తప్పింది, అని పైలట్ చెప్పేదాకా ఆగాలి. ఆ రాత్రి జూరిచ్‌లో కూర్చున్నాయనకు టీకాస్ మోగిందని తెలియనే లేదు.