స్నో బైక్ కిట్లు: ట్రాక్ పొడవు మోజు, మరికొన్ని అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో మెకాల్ అనే కొండ ఊరు మాది. బోయిసీ నుంచి ఉత్తరంగా దాదాపు వంద మైళ్లు, సముద్రమట్టానికి 5 వేల అడుగుల ఎత్తు. మొదటి గట్టి మంచు పడగానే మా షెడ్డు ముందు మోటోక్రాస్ బండ్లు, అంటే మట్టిదారుల్లో పరుగెత్తే మోటార్‌సైకిళ్లు, బారులు తీరతాయి. వాటి చక్రాలు రెండూ ఊడదీసి, ముందు స్కీ, వెనక రబ్బరు ట్రాక్ ఉన్న కిట్ బిగించి మంచు మీద నడిచే స్నో బైకులుగా మార్చడం నా పని. ఏడు శీతాకాలాలుగా ఇదే చేస్తున్నాను. బోయిసీలో కంప్యూటర్ చిప్పుల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లు ఈ మధ్య బాగా వస్తున్నారు. అందరూ అడిగేవి ఇంచుమించు ఒకే ప్రశ్నలు, వాటి వెనక ఉన్న అపోహలూ ఒకటే. ప్రతిసారీ ఫోనులో చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

ఈ బండ్లతో పరిచయం లేనివారికి రెండు మాటలు. వెనక చక్రంతోపాటు దాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్, కుదుపులు మింగే షాక్ కూడా తీసేస్తాం. స్వింగార్మ్ బోల్టు ఉన్న చోటే కిట్ ముందు భాగం కూర్చుంటుంది. షాక్ స్థానంలో ఒక రాడ్డు, కొన్ని కిట్లలో చిన్న షాక్ వస్తుంది. ఇంజన్ నుంచి ఒక చెయిన్ కిట్‌లోని అడ్డ ఇరుసుకు, అక్కడి నుంచి ట్రాక్‌ను తిప్పే ఇరుసుకు శక్తి చేరుతుంది. ముందు బ్రేకు ఇక ఉండదు. వెనక బ్రేకు పెడల్‌ను కిట్‌లోని డిస్కుకు కలుపుతాం. మా రాష్ట్రంలోనే, శాండ్‌పాయింట్‌లో పుట్టిన టింబర్‌స్లెడ్ కంపెనీ ఈ బండ్లను జనంలోకి తెచ్చింది. దాన్ని 2015లో పొలారిస్ కంపెనీ కొనేసింది. 2017లో ఆస్పెన్‌లో జరిగే ఎక్స్ గేమ్స్ అనే సాహస క్రీడల పోటీల్లో స్నో బైక్ పందేలు చేరాయి, తొలి బంగారు పతకం కెనడాకు చెందిన బ్రాక్ హోయర్ గెలిచాడు. ఆ తర్వాతే మా షెడ్డుకు ఫోన్లు పెరిగాయని ఇక్కడి పాత మెకానిక్ అంటుంటాడు.

అపోహ: ట్రాక్ ఎంత పొడవైతే అంత మంచిది

నేను ఎక్కువగా వినే మాట ఇదే. రెండేళ్ల కిందట బోయిసీ నుంచి ఒక తెలుగు కుర్రాడు వచ్చాడు. అతని దగ్గర ఉన్నది 250 సీసీ బండి. "అన్నా, ఎలాగూ కొంటున్నాను కదా, పెద్దదే తీసుకుంటాను" అని 137 అంగుళాల ట్రాక్ ఉన్న కిట్ తెచ్చుకున్నాడు. వద్దన్నాను. కొనేసిన తర్వాత వద్దంటే ఎవరు వింటారు?

120, 129, 137 అనే అంకెలు ట్రాక్ మొత్తం చుట్టుకొలతవి. నేల మీద ఆనే భాగం కొలత కాదు. కాబట్టి 120 నుంచి 137కు వెళ్తే మంచు మీద అదనంగా ఆనేది 17 అంగుళాలు కాదు, దాదాపు 8 అంగుళాలు. ట్రాక్ వెడల్పు సుమారు 11 అంగుళాలు అనుకుంటే పెరిగిన ఆధారం 90 చదరపు అంగుళాల పైచిలుకు. నడుము లోతు పిండిమంచులో అది చిన్న తేడా కాదు, బండి తేలుతుంది. కానీ ఆ అదనపు రబ్బరును తిప్పే బలం ఇంజన్‌కు ఉండాలి. ఎత్తు ప్రతి వెయ్యి అడుగులకు ఇంజన్ శక్తి దాదాపు 3 శాతం తగ్గుతుంది. మేం నడిపే 8 వేల అడుగుల దగ్గర నాలుగో వంతు పోయినట్టే. 450 సీసీ బండికి 50 గుర్రాల శక్తి ఉందనుకుంటే అక్కడ మిగిలేది 38. అతని 250 సంగతి మీరే ఊహించుకోండి.

పైగా అతను నడిపింది ఎక్కువగా యంత్రంతో చదును చేసిన దారుల మీద. మా నాన్నగారు గోదావరి జిల్లాలో దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టరుకు ఇనుప కేజ్ వీల్స్ వేసేవారు. బురదలో వాటికి తిరుగు లేదు. అవే చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డూ పోతుంది, బండీ అదురుతుంది, ఊళ్లో తిట్లూ పడతాయి. లోతు మంచు కోసం చేసిన పొడవాటి పళ్ల ట్రాక్‌ను గట్టి దారి మీద నడపడం అచ్చం అలాంటిదే. రెండున్నర, మూడు అంగుళాల పళ్లు పిండిమంచును తెడ్డులా తోస్తాయి. గట్టి మంచు మీద అవే వంగి, వేడెక్కి, మొదళ్ల దగ్గర చిరుగుతాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ట్రాక్ లోపల పట్టాల కింద ప్లాస్టిక్ పట్టీలు ఉంటాయి, స్లైడర్లు అంటాం. వాటికి నూనె, గ్రీజు ఏమీ ఉండవు. ఎగిరి లోపల పడే మంచే వాటిని చల్లబరచి జారేలా చేస్తుంది. గట్టి దారి మీద మంచు ఎగరదు. ఫిబ్రవరిలో ఆ కుర్రాడి బండి మళ్లీ వచ్చినప్పుడు స్లైడర్లు కరిగి, ట్రాక్ క్లిప్పులకు నల్లటి జిగురులా అంటుకుని ఉన్నాయి. చాకుతో గీకి తీశాను. కొత్త పట్టీలతోపాటు మంచును గీరి లోపలికి విసిరే తీగ గీకుళ్లు బిగించి, ఇంజన్ స్ప్రాకెట్ (చెయిన్‌ను తిప్పే పళ్ల చక్రం) 13 పళ్లది తీసి 12 పళ్లది వేశాను. పై వేగం 8 శాతం పోయింది కానీ బండికి ఊపిరి వచ్చింది.

మరి ఎవరికి ఏది? నా లెక్క చెబుతాను, నచ్చకపోతే వాదించవచ్చు. చెట్ల మధ్య వంకర్లు తిరుగుతూ, గెంతుతూ నడిపేవారికి, పందేలవారికి 120 చాలు. బండి చురుకుగా తిరుగుతుంది. బరువైన మనిషి, 450 లేదా 500 సీసీ బండి, లోతు మంచు, నిటారు ఎక్కుళ్లు అయితే 137 దగ్గరే ఆగండి. రెండింటి మధ్య తేల్చుకోలేనివారికి 129 మంచి రాజీ. కామ్సో కంపెనీ తన కిట్‌కు ఆ కొలతే ఎంచుకుంది. యెటీ అనే కంపెనీ కిట్ల గొప్ప తేలికదనంలో ఉంది. రోజుకు పదిసార్లు బండిని మంచులోంచి చేతులతో లాగే మనిషికి ఆ తేలిక విలువ సాయంత్రం నడుముకు తెలుస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో నీరు పట్టిన బరువు మంచు మీద మాత్రం పొడవు కంటే స్కీ ముఖ్యం. వెడల్పు స్కీ పిండిమంచులో తేలుతుంది కానీ పెచ్చు కట్టిన మంచు మీద మాట వినదు. అక్కడ లోతైన గాడి, అడుగున గట్టి లోహపు పట్టీ ఉన్న స్కీ కావాలి.

అపోహ: ఇంత చలిలో ఇంజన్ గురించి దిగులెందుకు, రేడియేటరే అక్కరలేదు

దిగులు పడాల్సింది వేడి గురించి కాదు, చల్లదనం గురించి. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని) రేడియేటర్‌కు పోకుండా ఆపే థర్మోస్టాట్ మోటోక్రాస్ బండ్లలో చాలావాటికి ఉండదు. ఎండలో, దుమ్ములో నడవడానికి చేసినవి అవి. రేడియేటర్‌కు మైనస్ 15 డిగ్రీల గాలి, మంచుతుంపర కొడుతుంటే కూలెంట్ 50 డిగ్రీలు కూడా దాటని బండ్లు చూశాను. అలాంటప్పుడు పెట్రోలు పూర్తిగా ఆవిరి కాక సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. లోపలి చెమ్మ కూడా ఆరదు.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. నడిపి వచ్చాక ఇంజన్ పక్కనున్న చిన్న గాజు బిళ్లలోంచి చూడండి. ఆయిల్ తేనెరంగులో ఉండాల్సింది పోయి పలచని కాఫీలా, అంచున మజ్జిగ నురుగులా కనిపిస్తే అది చెమ్మ. వెయ్యకుండానే ఆయిల్ మట్టం పెరిగిందా? ఒక చుక్క వేలికి రాసుకుని వాసన చూడండి. పెట్రోలు వాసన ముక్కుకు తగిలితే ఆ ఆయిల్‌ను ఆ రోజే పారబోయండి.

మందు ఖరీదైనదేమీ కాదు. దారి మళ్లింపు గొట్టం ఉన్న థర్మోస్టాట్ ఒకటి, రేడియేటర్లకు తొడుగులు, చలికి తగిన పలచని ఆయిల్. తొడుగులు తీసి వేసుకునేలా ఉండాలి. వసంతకాలపు మధ్యాహ్నం మెత్తటి మంచులో నెమ్మదిగా ఎక్కుతుంటే ఇదే బండి మరిగిపోతుంది. కిట్ మీద వేల డాలర్లు పోసి థర్మోస్టాట్ దగ్గర బేరమాడే మనుషులను చూస్తే నాకు విసుగు.

గాలి వడపోత సంగతీ ఇంతే. వేసవిలో దుమ్మును ఆపే నురుగు ఫిల్టర్ శీతాకాలంలో తడిసి గడ్డ కడుతుంది. నా మొదటి సీజన్‌లో "ఒక్క రోజుకేమవుతుందిలే" అని పాత ఫిల్టర్‌తోనే కొండెక్కాను. ట్రక్కుకు ఆరు మైళ్ల దూరంలో బండి దగ్గి ఆగిపోయింది. సీటు ఊడదీసి చూస్తే ఫిల్టర్ ఐస్‌ఫ్రూట్‌లా గట్టిగా ఉంది. చొక్కాలో పెట్టుకుని కరిగించి, పిండి, మళ్లీ బిగించి, మైలుకోసారి అదే పని చేస్తూ చీకటి పడ్డాక దిగాను. అప్పటి నుంచి మంచు చొరబడని గాలిపెట్టె బిగించనిదే ఏ బండినీ షెడ్డు దాటనివ్వను.

అపోహ: కిట్ ఒకటి కొంటే ఏ బండికైనా గంటలో బిగించవచ్చు

కిట్ వేరు, దాన్ని మీ బండికి కలిపే ఫిట్ కిట్ వేరు. బండి తయారీదారు, మోడల్, సంవత్సరం మూడూ కలవాలి. బండి ఒకటే అయినా మోడల్ సంవత్సరం మారితే బ్రాకెట్లు మారిపోవచ్చు. మొదటిసారి బిగించేందుకు రోజంతా పెట్టుకోండి. రెండో ఏడాది నుంచి సగం రోజు. చెయిన్ సూటిగా ఉందో లేదో, బ్రేకులో గాలి మిగిలిందో లేదో చూడటానికే ఎక్కువ సమయం పడుతుంది.

ముందువైపు గాలితో పనిచేసే ఫోర్కు (కుదుపులు మింగే గొట్టాలు) ఉన్నవారికి ఒక మాట. షెడ్డులో 20 డిగ్రీల దగ్గర నింపిన ఒత్తిడి బయట మైనస్ 15లో పదో వంతుకు పైగా పడిపోతుంది. బయట చల్లబడ్డాక మళ్లీ కొలవండి. పెట్రోలు కూడా వేసవి కంటే చాలా ఎక్కువ తాగుతుంది. అదనపు డబ్బా లేకుండా దూరం వెళ్లకండి.

అపోహ: మోటోక్రాస్ వస్తే ఇదీ వచ్చినట్టే, స్నోమొబైల్ వస్తే ఇంకా తేలిక

సగం నిజం. బండిని ఒరగేసి తిప్పడం మోటార్‌సైకిల్ అలవాటే. స్నోమొబైల్‌తో, అంటే ముందు రెండు స్కీలు, వెనక వెడల్పాటి ట్రాక్ ఉన్న మంచు బండితో, ఏళ్లు పట్టే విద్య ఏటవాలుకు అడ్డంగా నడపడం. అది దీనితో మొదటి వారంలోనే పట్టుబడుతుంది. కానీ ఆగినప్పుడు? కాలు కింద పెడితే నేల ఉండదు, తొడ దాకా దిగిపోతారు. అందుకే వాలు మీద ఎప్పుడూ కొండ వైపే ఒరిగి, పై కాలు ఆన్చి ఆగాలి. రివర్స్ గేరు కూడా లేదు. ఇరుక్కుంటే బండిని పక్కకు పడేసి, ట్రాక్ చేసిన గోతిని మంచుతో పూడ్చి, నిలబెట్టి, ఎక్కి ముందుకు సాగాలి. పారతో తవ్వుతూ కూర్చునేవారు అలసిపోతారే తప్ప బండి కదలదు.

స్నోమొబైల్‌ను ఇది పూర్తిగా భర్తీ చేస్తుందనే మాట కూడా నమ్మకండి. 850 సీసీ స్నోమొబైల్‌కు 160 గుర్రాలకు పైగా శక్తి ఉంటుంది. బయలు కొండ మీద సూటిగా ఎక్కే పోటీలో మన 450 దాని వెనక పొగ పీల్చాల్సిందే. దట్టమైన చెట్ల మధ్యకు వెళ్లాక లెక్క తారుమారవుతుంది.

అపోహ: తేలిక బండి కాబట్టి మంచుచరియల భయం తక్కువ

ఇది ప్రాణం తీసే అపోహ. మంచుచరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద. సరిగ్గా అలాంటి వాలులకే ఈ బండి మిమ్మల్ని సులువుగా తీసుకుపోతుంది. నడిపే ప్రతి మనిషి ఒంటి మీద సిగ్నల్ పంపే బీకన్, వీపున పార, గుచ్చి వెతికే కడ్డీ ఉండాలి. అవి బండికి కట్టకూడదు. బండి ఒకచోట, మనిషి ఒకచోట పూడిపోతే బండికి కట్టిన పార ఎవరికి పనికొస్తుంది? పూడినవారిని మొదటి పది, పదిహేను నిమిషాల్లో తీయాలి. బయటి సాయం అంతలో రాదు, పక్కనున్న మిత్రుడే తవ్వాలి. మా ప్రాంతానికి పేయెట్ అవలాంచ్ సెంటర్ ఇచ్చే హెచ్చరికలు చదవకుండా వచ్చినవారితో నేను కొండెక్కను.

చట్టం గురించి కూడా ఒక మాట. "ఇది మోటార్‌సైకిలే కదా, స్నోమొబైల్ నిషేధం నాకు వర్తించదు" అని వాదించినవారు ఉన్నారు. ట్రాక్ మీద గానీ స్కీల మీద గానీ మంచుపై నడిచేలా చేసిన మోటారు వాహనమేదైనా అమెరికా అటవీ శాఖ నిబంధనల్లో ఒకటే కోవ. రిజిస్ట్రేషన్ నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి.

అపోహ: పాత కిట్ కొంటే మోసపోయినట్టే

కాదు. మొదటిసారి కొనేవారికి నేను పాతదే చెబుతాను. బండిని పక్కకు ఒరిగించి స్లైడర్లను వేలితో తడమండి. అరుగుదల గీత కంటే కిందికి వస్తే మార్చక తప్పదు. ట్రాక్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పండి. అడ్డ ఇరుసు దగ్గర కరకరమంటే బేరింగులు పోయాయి. పళ్ల మొదళ్లలో చిరుగులు, ఫిట్ కిట్ ఏ బండికి చెందినదో, రెండూ చూడండి. పోయిన నెల ఆ 250 కుర్రాడు తన 137ను ఇలాగే ఒక బరువైన పెద్దమనిషికి అమ్మేసి, వాడిన 120 తెచ్చుకున్నాడు. కొనడానికి ముందు ఈసారి నాకు ఫోన్ చేసి, బేరింగుల చప్పుడు వినిపించాడు.