రాణి కనిపించలేదని పెట్టె పదేపదే తెరవకండి

మా తేనెటీగల క్లబ్ మీటింగులు, క్లాసులు ఆన్‌లైన్‌కి మారి ఏడాది దాటింది. అంతకు ముందు నెలకో ఆదివారం శంషాబాద్ వైపు ఒక సభ్యుడి మామిడి తోటలో కలిసేవాళ్లం. కొంపల్లి నుంచి, ఘట్‌కేసర్ నుంచి అంత దూరం రాలేక చాలామంది మానేశారు. ఇప్పుడు ఆదివారం రాత్రి అన్నం తినేసి అందరూ ఫోన్ ముందు కూర్చుంటున్నారు. క్లాసు అయ్యాక అడిగే ప్రశ్నల్లో మళ్లీ మళ్లీ వచ్చేది ఒక్కటే: రాణి కనిపించడం లేదు, ఏం చేయాలి? దాని వెనకున్న అపోహ వల్ల పోయినన్ని ఈగలు మా వాళ్లకి ఏ పురుగు వల్లా పోలేదు.

అపోహ: రాణి ఈగ కనిపించలేదంటే పెట్టెలో రాణి లేదు.

గత ఏప్రిల్‌లో ఘట్‌కేసర్ నుంచి ఒక చెల్లి ఫోన్ చేసింది. కొత్తగా పుట్ట తేనెటీగల పెట్టె పెట్టుకుంది. గొంతు వణుకుతోంది. "అన్నా, రాణి కనిపిస్తలేదు. చచ్చిపోయినట్టుంది."

"ఎన్ని రోజులనుంచి చూస్తున్నవ్?"

"నాలుగు రోజులాయె. పొద్దున, సాయంత్రం తెరుస్తున్న."

నాకు భయం వేసింది రాణి గురించి కాదు, రోజుకి రెండుసార్లు తెరవడం గురించి. లోపల పిల్లలు పెరిగే చోటును ఈగలు 34, 35 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతాయి. బయట నలభై దాటితే నీళ్లు మోసుకొచ్చి, రెక్కలు ఆడించి చల్లబరుస్తాయి. మనం మూత తీసిన ప్రతిసారీ ఆ కష్టమంతా వృథా. చిన్న పిల్లపురుగులు వడగాలికి ఎండిపోతాయి. పెట్టెల్లో పెంచే విదేశీ జాతి ఇటాలియన్ ఈగలైతే కొంత ఓర్చుకుంటాయి. మన పుట్ట తేనెటీగలు ఓర్చుకోవు, ఇల్లు వదిలి వెళ్లిపోతాయి.

వాస్తవం ఇది. రాణిని వెతకొద్దు, అది పెట్టే గుడ్లు చూడండి. వెలుతురు పడగానే రాణి నీడలోకి పరుగెత్తుతుంది. వేల ఈగల మధ్య దాన్ని పట్టుకోవడం అనుభవం ఉన్నవాళ్లకి కూడా కష్టం. గుడ్లు ఎక్కడికీ పోవు. ఎండ మీ వీపు మీద పడేలా నిలబడి, ఫ్రేమ్‌ని (ఈగలు తుట్టె కట్టే చెక్క చట్రాన్ని) పెట్టె మీదే పట్టుకుని, వెలుగు తుట్టె గదుల అడుగుకి చేరేలా కొంచెం వంచండి. గది అడుగున తెల్ల దారం తుంపు లాంటిది నిటారుగా కనిపిస్తే అది ఆ రోజు పెట్టిన గుడ్డు. రెండో రోజుకి వాలుతుంది, మూడో రోజుకి పడుకుంటుంది, తర్వాత పిల్లపురుగవుతుంది. అంటే గదికొక్క గుడ్డు కనిపిస్తే మూడు రోజుల లోపు రాణి అక్కడ తిరిగినట్టే. ఫోటో తీసి మూత పెట్టేయండి.

ఆ చెల్లి పంపిన మొదటి రెండు ఫోటోలు మసకగా వచ్చాయి. మూడో దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూస్తే, ఒక మూల పది పన్నెండు గదుల్లో నిటారుగా గుడ్లు. "రాణి ఉందమ్మా. ఇక వారం దాకా పెట్టె ముట్టుకోకు" అన్నాను. పక్కన ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. వాళ్లమ్మ కూడా స్పీకర్‌లో వింటోందట.

నేను అంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను మొదలుపెట్టిన ఏడాది సైదాబాద్‌లో మా మేడ మీద పెట్టెను రాణి కోసం రోజూ తెరిచాను. ఆరో రోజు పొద్దున చప్పుడు లేదు. మూత తీస్తే తేనె ఒక్క చుక్క మిగల్లేదు, ప్రయాణానికి అంతా తాగేసి వెళ్లాయి. తుట్టెలో ఎండిన పిల్లపురుగులు, అడుగు పలక మీద చీమల బారు. కొన్ని గదుల్లో గుడ్లు కూడా ఉన్నాయి. అప్పుడు వాటిని చూడడం నాకెవరూ నేర్పలేదు.

కొందరు ఇంకో అడుగు ముందుకేసి కొత్త రాణిని కొని పెడతారు. లోపల రాణి ఉండగా ఇంకో రాణిని వదిలితే ఈగలు దాని చుట్టూ బంతిలా మూగి చంపేస్తాయి. డబ్బూ పోయింది, రాణీ పోయింది.

గుడ్లు లేకపోయినా వెంటనే టెన్షన్ పడకండి. కొత్త రాణి పుట్టి, జతకట్టి, గుడ్లు మొదలుపెట్టడానికి రెండు వారాలు పట్టొచ్చు. అనుమానముంటే వేరే పెట్టె నుంచి గుడ్లున్న ఒక ఫ్రేమ్ తెచ్చి పెట్టండి. ఈగలు దాని మీద రాణి గదులు (కొత్త రాణిని పెంచే గదులు) కట్టడం మొదలుపెడితే నిజంగానే రాణి లేదు. ఒక్కో గదిలో మూడు నాలుగు గుడ్లు, అవీ గోడలకి అంటుకుని ఉంటే కూలీ ఈగలు గుడ్లు పెడుతున్నాయని అర్థం. అప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా ఫోన్ చేయండి.

అపోహ: ఆన్‌లైన్ అయ్యాక క్లబ్ లేనట్టే.

పైన చెప్పిన ఆ ఫ్రేమ్ ఎవరిస్తారు మరి? మొన్న ఉప్పల్ నుంచి ఒకాయన తన పెట్టెలోని ఫ్రేమ్‌ని తడి తువ్వాలులో చుట్టి, బకెట్‌లో పెట్టి, బండి మీద నాగారం తీసుకెళ్లాడు. ఆ ఇద్దరూ అప్పటిదాకా తెర మీదే చూసుకున్నారు. ఒకటే జాగ్రత్త, ఆరోగ్యంగా ఉన్న పెట్టె నుంచే తీసుకోండి. 1991-92లో పిల్లపురుగులను చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో పుట్ట తేనెటీగలను ఎలా తుడిచిపెట్టిందో పాతవాళ్లు ఇంకా చెబుతారు. పిల్లపురుగులు నీళ్ల సంచుల్లా ఉబ్బి చచ్చి ఉంటే ఆ పెట్టె నుంచి ఏదీ బయటికి రాకూడదు.

అలాగని క్లాసు విన్నంత మాత్రాన చేతికి పని రాదు. ఈగలని శాంతపరచడానికి పొగ ఎంత పట్టాలో, ఈగలకి కోపమొచ్చినప్పుడు చప్పుడెలా మారుతుందో తెర మీద తెలియదు. సొంత పెట్టె కొనే ముందు రెండుసార్లైనా ఇంకొకరి పెట్టె దగ్గర నిలబడండి.

అపోహ: పెట్టె దగ్గర ఫోన్ పట్టుకుంటే ఈగలు పారిపోతాయి.

వాట్సాప్‌లో తిరిగే మాట. నేను చాలా వారాలుగా పెట్టె పక్కనే ఫోన్ పెట్టి క్లాసు చెబుతున్నాను, ఒక్క పెట్టె కూడా ఖాళీ కాలేదు. వీడియో కోసమని మూత అరగంట తీసి ఉంచకండి, అంతే.

క్లబ్‌కి వచ్చే మిగతా ప్రశ్నలకి రెండు మాటల్లో. అపార్ట్‌మెంట్ పైఅంతస్తు కింద వేలాడే పెద్ద తుట్టెను పెట్టెలోకి మార్చమని అడుగుతారు. అవి కొండ తేనెటీగలు, ఆరుబయటే ఉంటాయి, పెట్టెలో నిలవవు. దయచేసి రాత్రిపూట కాగడా పెట్టించకండి. తేనె పేరుకుంటే చక్కెర కలిపారనుకోకండి, పొద్దుతిరుగుడు తేనె త్వరగా పేరుకుంటుంది. ఈగ కుడితే కొండిని వెంటనే గోరుతో గీకి తీసేయండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

ఘట్‌కేసర్ చెల్లి ఈగలు వెళ్లిపోలేదు. బతుకమ్మ రోజుల్లో ఇంకో ఫోటో పంపింది, ఈసారి మసక లేకుండా. "అన్నా, కొన్ని గదుల మూతల మీద నడుమ సూది గుచ్చినట్టు రంధ్రాలున్నయ్, రోగమా?" అని కింద రాసింది. "కాదమ్మా, అవి పోతుటీగల గదులు. పుట్ట తేనెటీగల్లో ఆ మూతలకి రంధ్రం ఉంటుంది" అని చెప్పాను.